బ్రేకుల పాలగుచున్న పెట్రోలు

మోటారు కారు కొనునప్పుడు గృహస్థుడు వినునది యొక లెక్క. కొన్న పిదప అనుభవమున తేలునది మరియొక లెక్క. లీటరు పెట్రోలునకు 20 కిలోమీటర్లు నడచునని అంగడిలో చెప్పుదురు. హైదరాబాదున అమీర్‌పేట నుండి మాదాపూరునకు నిత్యము పోయి వచ్చువానికి 13 కిలోమీటర్లు దక్కుటయే కష్టముగ నున్నది. అంతట నాతడు కారును నిందించును. పెట్రోలు బంకువానిని శంకించును. మెకానికుల చుట్టు తిరుగును. ఈ మొర నేడు ప్రతి పఠనమందిరమునందును, ప్రతి కచ్చేరి వరండాయందును వినబడుచున్నది. మధ్యతరగతి కుటుంబముల నెలవ్యయములో పెట్రోలు పద్దు బియ్యపు పద్దుతో పోటీ పడుచున్న కాలమిది. కావున దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలంచితిమి.

అంగడిలో చెప్పు లెక్క అబద్ధము గాదు. అది పరీక్షాశాలలో, తిరుగు రోలర్లమీద కారును నిలిపి, ముందుగ నిర్ణయించిన వేగక్రమమున నడిపి గణించినది. అచట గోతులు లేవు, అడ్డువచ్చు ఆటోలు లేవు, పెండ్లి యూరేగింపులు లేవు. ఇవన్నియు గల వీథిలో అదే ఫలమును ఆశించుట పొరపాటు. పెట్రోలు స్వభావమును కొంత మారినది. దానియందు నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపు పద్ధతి 2025 నాటికి దేశమంతట వ్యాపించెను. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే గనుక, ఆ మేరకు కొంత దూరము తగ్గుట సహజము. కాని ఈ రెండు కారణములను తీసివేసినను మిగులు నష్టము స్వల్పము గాదు. ఆ మిగిలిన నష్టములో సగము నడుపువాని పాదమునందును, సగము నగరమును పాలించువారి అలసత్వమునందును ఉన్నదని మా దృఢాభిప్రాయము.

ఇది కేవలము గృహస్థుని సంచికి సంబంధించిన విషయమని యెవరును తలంపరాదు. మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశముల నుండి ఓడలలో రావలసినదే. అస్సాములోని దిగ్బోయిలో 1889లో చమురు బయల్పడెను. 1901లో అచ్చట శుద్ధికర్మాగారము వెలసెను. మన కృష్ణా గోదావరీ తీరభూములలోను చమురును, సహజవాయువును వెలికి తీయుచున్నారు. విశాఖపట్టణమున 1957 నుండి శుద్ధికర్మాగారము పనిచేయుచున్నది. అయినను పాత్ర మనది, అందు పోయు చమురులో అధికభాగము పరులది. ఎక్కడనో సముద్రపు జలసంధిలో తుపాకి ప్రేలిన మన వీథిచివరి బంకులో ధర కదలును.

పరుల చమురుపై ఆధారపడుట యెట్టిదో మన పెద్దలు కన్నులార చూచిరి. 1942లో జపాను సేనలు బర్మాపై బడినప్పుడు, యెనాంజౌంగ్ చమురుబావులను వెనుదిరుగుచున్న బ్రిటిషువారే ధ్వంసము చేసి పోయిరి. ఆ యుద్ధకాలమున మన దేశమున పెట్రోలునకు రేషను పెట్టిరి. బస్సుల వెనుక బొగ్గు కొలుములను గట్టి, ఆ వాయువుతో నడిపిరి. బొగ్గు బస్సు ఎత్తు ఎక్కలేక నిలిచినప్పుడు ప్రయాణికులు దిగి త్రోసిన కథలను తాతలు నేటికిని చెప్పుదురు. మరల 1973 అక్టోబరులో అరబ్బు దేశములు ఎగుమతులను బిగింపగా, కొలది మాసములలోనే ముడిచమురు ధర నాలుగింతలయ్యెను. ఆ దెబ్బ తగిలిన కొన్ని యేండ్లకు, 1978లో, చమురు పొదుపును బోధించుటకై కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగ నొక సంస్థను నెలకొల్పెను. బోధ నేటికిని సాగుచున్నది. ఆచరణమే వెనుకబడి యున్నది.

ఇక పెట్రోలు ఎక్కడ పోవుచున్నదో విచారింతము. ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో నూటికి సుమారు 70 పాళ్లు అచ్చటనే వేడిమియై పోవును. అది యంత్రధర్మము; నడుపువాడు చేయగలిగినది లేదు. మిగిలిన కొద్దిపాటి శక్తియే చక్రములను త్రిప్పవలసి యున్నది. ఊరి వెలుపల రాజమార్గమున సమవేగముతో పోవు కారు ఆ శక్తిని గాలిని చీల్చుటకును, టైర్ల ఒరపిడిని జయించుటకును వెచ్చించును. నగరమున అట్లు గాదు. అచట నిలిచిన కారును మరల మరల వేగమునకు తెచ్చుటకే పెద్దభాగము ఖర్చగును. అట్లు కష్టపడి తెచ్చిన వేగము బ్రేకు నొక్కినంతనే చక్రములకడ వేడిమిగా మారి గాలిలో గలియును. దానిని మరల కూడబెట్టుటకు సాధారణపు కారులో ఉపాయము లేదు.

లెక్క వేసి చూతము. మనుష్యులతో గూడి 1,000 కిలోగ్రాముల తూకము గల చిన్న కారు గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు దానియందలి గమనశక్తి సుమారు 96 కిలోజౌళ్లు. పెట్రోలు శక్తిలో అయిదవవంతుకు కొంచెము మించి చక్రములకు చేరునని యెంచినచో, ఆ వేగమును సంపాదించుటకు సుమారు 14 మిల్లీలీటర్లు, అనగా ఒక పెద్ద చెంచాడు పెట్రోలు పట్టును. చెంచాడే గదాయని యుపేక్షింపరాదు. 70 మారులు ఆ వేగమునందుకొని 70 మారులు బ్రేకు వేసినవాడు నిండు లీటరును బ్రేకులకు ఆహుతి చేసినవాడగును. వేగము రెట్టింపైన ఈ శక్తి నాలుగింతలగును. కావున రెండు సిగ్నళ్ల నడుమ 30 కిలోమీటర్ల వేగముతో పోదగినచోట 60 కిలోమీటర్ల వేగమందుకొని, తుదకు అదే ఎఱ్ఱదీపముకడ నిలుచువాడు నాలుగు చెంచాలు పోసి ఒక చెంచా పని చేయించుకొనుచున్నాడు. అతనికంటె ముందుగా ఇల్లు చేరునది అతని గర్వమొక్కటియే.

ఈ సత్యమును గ్రహించియే పెట్రోలునకు తోడు విద్యుత్తును జేర్చిన హైబ్రిడ్ కార్లను నిర్మించిరి. 1997లో జపాను దేశమున అవి విరివిగా తయారగుట మొదలయ్యెను. వీనియందు బ్రేకు వేసినప్పుడు పోవు శక్తిలో కొంత బ్యాటరీలో నిలువయగును. అందువలననే అవి పల్లెబాటలకంటె పట్టణవీథులలో తమ మేలును ఎక్కువగా చూపును. అట్టి కారు లేనివాడు ఆ పనిని తన కుడిపాదముతో చేసికొనవలెను. శక్తిని బ్రేకు పాలుచేసిన పిదప వగచుటకంటె, బ్రేకు అవసరమే రాకుండ నడుపుట మేలు గదా! అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

ఆచరణము సులభము. నూరు గజముల దూరమున ఎఱ్ఱదీపము కనబడినంతనే ఆక్సిలరేటరు మీదినుండి పాదమెత్తవలెను. గేరును తీయక యుంచవలెను. కారు తన ఊపుతో తానే నెమ్మదిగా సాగును. అది కూడలి చేరులోపల దీపము పచ్చనైనచో నిలువ నవసరమే కలుగదు. నిలిచిన బండిని కదల్చుట కష్టము, కదలు బండిని నడిపించుట సులభమని ఎడ్లబండి తోలు ప్రతి రైతునకును తెలిసిన సంగతియే. ముందుబండికిని మనకును తగినంత ఎడముంచుటయు ఇందులో భాగమే. అట్లుంచినవాడు ముందువాడు బ్రేకు వేసినప్పుడెల్ల తాను వేయనక్కరలేదు. కదలునప్పుడు త్రొక్కిపట్టి లంఘింపక మెల్లగా వేగము పెంచి, ఇంజను అరవకమునుపే పైగేరునకు పోవవలెను. కాని పైగేరులో ఇంజను లాగలేక మూలుగునంత తొందరయు కూడదు. ఆగుచు సాగు రద్దీలో దుడుకుగా నడుపుటవలన మైలేజి నూటికి 10 మొదలు 40 పాళ్ల వరకు తగ్గునని అమెరికా ప్రభుత్వమువారు చెప్పుచున్నారు. ఇంత పొదుపు నిచ్చు పరికరము ఏ అంగడిలోను దొరకదు.

ఇచట పాతకాలపు నమ్మకము నొకదానిని ఖండింపవలసి యున్నది. పల్లమున గాని, సిగ్నలు సమీపించునప్పుడు గాని గేరు తీసి, కొందరు ఇంజనును సైతము ఆపి, కారును జారవిడుతురు. కార్బురేటరు కార్ల కాలమున పుట్టిన అలవాటిది. నేటి ఇంజనులలో గేరునందుండి పాదమెత్తినచో పెట్రోలు సరఫరా తనంతట తానే నిలిచిపోవును. గేరు తీసినచో ఇంజనును ఆరిపోకుండ నిలుపుటకై మరల పెట్రోలు పోవలసియుండును. కావున గేరు తీసినందువలన పొదుపు గాక ఖర్చే. ఇక కదలుచుండగా ఇంజనును ఆపుట ప్రాణాపాయకరము. బ్రేకు బిగుసుకొనును, స్టీరింగు బరువెక్కును. నాలుగు చుక్కల పెట్రోలునకై నలుగురి ప్రాణములను ఒడ్డుట ఏపాటి వివేకము?

కాని పూర్తిగ నిలిచిన కారు మాట వేరు. చిన్న కారు ఇంజను ఊరక తిరుగుచుండిన గంటకు అర లీటరునకు మించి త్రాగును. ఏసీ వేసిన ఇంకను హెచ్చగును. గంటకు 600 మిల్లీలీటర్లని మితముగ నెంచుదము. దినమునకు 20 నిమిషములు సిగ్నళ్లకడ గడపువాడు 200 మిల్లీలీటర్లను, 300 పనిదినములలో 60 లీటర్లను అడుగైన కదలకయే కాల్చును. నేటి ఇంజనును మరల మొదలుపెట్టుటకగు పెట్రోలు అది కొలది సెకనులు ఊరక తిరిగినప్పటి ఖర్చును మించదు. కావున అరనిమిషమునకు మించి నిలువవలెనని తోచినప్పుడు ఇంజను నాపుట లాభకరము. సెకనులు లెక్కించి చూపు గడియారములు గల కూడళ్లలో ఇందులకు సందేహమే యుండదు. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వము వాయుకాలుష్యమును తగ్గించుటకై ఎఱ్ఱదీపముకడ ఇంజను నాపుడని పెద్దయెత్తున ప్రచారము సాగించెను. ఆగినప్పుడు ఇంజను తానే ఆరి, కదలునప్పుడు తానే అంటుకొను ఏర్పాటు నేడు పెక్కు కార్లయందు గలదు. దానిని ప్రతి ఉదయమును మీట నొక్కి మూలబెట్టువారు అనేకులుండుట విచారకరము. సిగ్నలుకడ నిలిచిన పోలీసు జవాను పీల్చు పొగలో మన వంతు ఎంతయో కొంచెము యోచింపవలదా?

మిగిలిన సూత్రములను సంగ్రహముగ చెప్పుదుము. టైర్లలో గాలి తగ్గిన ఒరపిడి హెచ్చును. నెలకొక మారైనను, ఉదయమున చల్లనివేళ, తయారీదారు చెప్పిన కొలతకు గాలి పెట్టించుకొనవలెను. దీనివలన నూటికి 3 పాళ్ల వరకు ఆదా యుండవచ్చును. టైరు ఆయువును పెరుగును. డిక్కీలో సంవత్సరముల తరబడి మోయుచున్న అనవసరపు సామాను దింపవలెను. ఆగుచు సాగు నగరప్రయాణమున ప్రతి మణుగు బరువును మరల మరల వేగమునకు తేవలసినదే. బెజవాడ ఎండలో ఏసీ వలదని మేము శాసింపజాలము. కాని కారును నీడన నిలుపుడు. ఎక్కినప్పుడు కిటికీలు తెరచి లోనియావిరిని వెడలనిచ్చి పిమ్మట ఏసీ వేయుడు. చల్లబడిన ఇంజను వేడెక్కువరకు ఎక్కువ పెట్రోలు త్రాగును గనుక మూడు మారులు చిన్న పనులకు పోవుటకంటె మూడు పనులను ఒక్క ప్రయాణమున ముగించుట మేలు. వీథి చివరి కూరల అంగడికి కాళ్లు చాలును.

పెట్రోలు తొట్టిలో వేయు మాత్రలు, గొట్టమునకు తగిలించు అయస్కాంతములు మొదలగు మాయోపాయములను నమ్మవలదు. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇట్టివానిని నూరింటికి మించి పరీక్షించి, మేలు చేయునవి మిక్కిలి అరుదని తేల్చెను. 1996లో తమిళనాట మూలికలతో పెట్రోలు చేసెదనని యొకడు దేశమునంతటిని ఆశ్చర్యపరచెను. 2016లో న్యాయస్థానము అది మోసమని తేల్చి శిక్ష విధించెను. పొదుపు సీసాలో దొరకునది గాదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత విస్తరమేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. సొంత కారు గల ఉద్యోగికి ఇది చిన్న విషయమే కావచ్చును. అద్దెకారు నడుపువానిని అడుగుడు. దినమునకు 100 కిలోమీటర్లు నడుపువాడు లీటరునకు 15 కిలోమీటర్లకు బదులు 17 సాధించెనేని, నెలకు 25 పనిదినములలో సుమారు 20 లీటర్లు మిగులును. 2021లోనే హైదరాబాదున లీటరు నూరు రూపాయలు దాటెను. నూరు రూపాయల చొప్పుననే లెక్కించినను ఇది నెలకు 2,000 రూపాయలు. ఆ పైకము పిల్లవాని బడిజీతము, తల్లి మందులు, అప్పువాని వడ్డీ. త్వరగా పొమ్మని వెనుకనుండి గద్దించు ప్రయాణికుడు తన తొందరకు మూల్యము ఎవరి కంచమునుండి పోవుచున్నదో తెలిసికొనిన బాగుండును.

అయితే భారమంతయు నడుపువానిపై మోపి పాలకులు చేతులు దులిపికొనుట న్యాయము గాదు. నెమ్మదిగా నడుపగోరువానిని సైతము అడుగడుగున ఆపునది నగరమే. ఒకే మార్గమున వరుసగా నున్న సిగ్నళ్లు ఒకదానితో నొకటి పొందిక లేక, ఒకటి పచ్చనగునప్పుడు తరువాతిది ఎఱ్ఱనగుచుండిన, ఆ మార్గమున పోవు వేలకొలది బండ్లు ప్రతి కూడలియందును చెంచాడేసి పెట్రోలును పారబోయక తప్పదు. కొలత లేక, గుర్తు లేక, కాలనీకొకటిగా లేచిన స్పీడు బ్రేకర్లు, వానకొక మారు తెరచుకొను గోతులు, సగము వీథి నాక్రమించి నిలిపిన బండ్లు, ఇవన్నియు అట్టివే. పెట్రోలు ధరలో గణనీయమైన భాగము కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములకు పన్నుగా చేరుచున్నది. పన్ను పుచ్చుకొనువారు ఆ పెట్రోలు వృథా కాకుండ పోవు బాటను చూపవలసిన బాధ్యతయు పుచ్చుకొనవలెను. సిగ్నళ్లను పొందికపరచుటకు కొండలను తవ్వనక్కరలేదు. శ్రద్ధయు, లెక్కయు చాలును.

అన్నిటికంటె పెద్ద పొదుపు కారును ఇంటనుంచుటయే. హైదరాబాదున 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లును, 2017 నవంబరులో మెట్రోయు మొదలయ్యెను. అయినను ఇంటి నుండి స్టేషనునకు, స్టేషను నుండి కచ్చేరికి పోవు దారి సరిగా లేనందున పెక్కుమంది మరల కారునే ఆశ్రయించుచున్నారు. నడచుటకు కాలిబాట, వేళకు వచ్చు బస్సు, ఈ రెండును కల్పించిననాడు, కారు విడువుడని ప్రజలకు చెప్పుటకు పాలకులకు నోరుండును. విజయవాడ, విశాఖపట్టణము, వరంగల్లు మున్నగు పెరుగుచున్న పట్టణములైనను హైదరాబాదు పడిన పాట్లు తాము పడకమునుపే మేల్కాంచుగాక.

కాని నగరము బాగుపడువరకు మనము వేచియుండ నక్కరలేదు. పాఠకులకు మా మనవి యొక్కటి. ఈ నెల మొదట ట్యాంకు నింపి, అప్పటి కిలోమీటర్ల అంకెను చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. నెలదినములు పైన చెప్పిన రీతిని నడిపి, మరల ట్యాంకు నింపునప్పుడు పట్టిన లీటర్లతో నడచిన దూరమును భాగింపుడు. గత మాసముతో పోల్చి చూడుడు. ఫలము కనబడినచో ఇరుగుపొరుగులకు చెప్పుడు. ఆ పుస్తకమునే నగరపాలకుల యెదుట బెట్టి, మా వంతు మేము చేసితిమి, మీ వంతు మాటయేమి యని అడుగుడు. తన లెక్క తాను సరిచూచుకొనినవాని ప్రశ్నకు బలమెక్కువ. రేపటి యుదయమున దూరముగ ఎఱ్ఱదీపము కనబడినప్పుడు పాదమెత్తుటతో ఆ లెక్క మొదలగును.